పిల్లల ఆట పెద్దాయనకు తగునా?



ఈసారి ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాం. నవ్వకండి. ఈ ఎండాకాలం మా సంఘంలో రెండు వారాలపాటు పెద్దలు గుసగుసలాడుకున్నది దీని గురించే. దాని మీద తొందరపడి తప్పు తీర్పు చెప్పింది మేమే. మేము అంటే పినపాక మండలంలో ఒక చిన్న మందిరంలో సేవ చేసుకుంటున్న భార్యాభర్తలం. ఇద్దరం కలిసే ఈ మాటలు రాస్తున్నాం, ఎందుకంటే తప్పు ఇద్దరిదీ.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. వయసు అరవై ఆరు. మణుగూరు ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపి రిటైరయ్యారు. భార్య ప్రభువు దగ్గరకు వెళ్ళి మూడేళ్ళయింది. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. వేసవి సెలవులకు తొమ్మిదేళ్ళ మనవణ్ణి తాత దగ్గర దింపి వెళ్ళాడు. ఎండలో బయటికి పంపలేక, ఇంట్లో కట్టడి చేయలేక తాత తంటాలు పడుతుంటే, ఆ పిల్లవాడు అటక ఎక్కి పాత సామాన్లలోంచి ఒక అట్టపెట్టె దించాడు. అందులో టీవీ గేమ్. రెండు రిమోట్లు, ఒక పసుపుపచ్చ క్యాసెట్. 1990లలో మన పట్టణాల్లో ప్రతి ఎలక్ట్రానిక్స్ షాపులో అమ్మిన రకమే. జపాన్ కంపెనీ నింటెండో చేసిన ఫామికామ్ అనే యంత్రానికి నకలు. క్యాసెట్ మీద వేలకు వేలు ఆటలని రాసి ఉంటుంది, లోపల తిప్పి తిప్పి అవే ఓ పది. వాటిలో అందరికీ తెలిసింది మారియో.

మనవడు ఆడాడు. తాత చూశారు. మూడో రోజుకి తాత ఆడారు. వారం తిరిగేసరికి మనవడు నిద్రపోయాక కూడా తాత ఆడుతున్నారు.

ఊళ్ళో ఇలాంటి సంగతి దాగుతుందా? ఆదివారం ప్రభువు బల్ల పంచిపెట్టే పెద్ద, సాయంత్రం పుట్టగొడుగుల మీద గెంతే బొమ్మతో ఆడుతున్నాడని ఒకరు మా దగ్గరకు వచ్చి చెప్పారు. చెప్పినవారు మంచి ఉద్దేశంతోనే చెప్పారు. మేము ఆయన్ని పిలిచి ఒంటరిగా అడగాల్సింది. అలా చేయలేదు. ఆ బుధవారం గృహ కూడికలో, పేరు చెప్పకుండా, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పిల్లతనపు సంగతులు మానేశానన్న చోటు తీసి, తల నెరిశాక పిల్లల ఆటలేమిటని ఒక మాట విసిరాం. పేరు చెప్పకపోతే ఏం, పదిహేను మంది కూర్చున్న గదిలో పదిహేను తలలూ ఒకే వైపు తిరిగాయి. మరుసటి రోజు పెట్టె మళ్ళీ అటకెక్కింది. పిల్లవాడు అన్నం మీద అలిగాడట. ఆయన మాత్రం ఏమీ అనలేదు. ఆ తరువాతి ఆదివారం బల్ల దగ్గరకు రాకుండా వెనక బెంచీలో కూర్చున్నారు.

అప్పుడు వెళ్ళాం ఆయన ఇంటికి. చాయ్ ఇచ్చారు. చాలాసేపు మామిడికాయల సంగతి, బోరు సంగతి మాట్లాడి, చివరికి ఆయనే అడిగారు: "అయ్యగారూ, అమ్మగారూ, అది చిన్నపిల్లల ఆటని నాకూ తెలుసు. నేనాడితే తప్పంటారా? ఎందుకు తప్పో చెప్పండి, మానేస్తా."

ఎందుకు తప్పో చెప్పలేకపోయాం. ఎందుకంటే ఆ ఆట ఏమిటో మాకు తెలియదు. తెలియని దాని మీద తీర్పు చెప్పాం. ఆయన్నే పెట్టె దించమని అడిగి, ఆ సాయంత్రం, ఆ తరువాత ఇంకో నాలుగు సాయంత్రాలు, మేమూ కూర్చుని చూశాం, ఆడాం. ఇప్పుడు చెబుతున్న అభిప్రాయం ఆ ఐదు సాయంత్రాల తరువాతిది.

ముందు ఆట సంగతి. దీన్ని ప్లాట్‌ఫాం గేమ్ అంటారు. గట్టు మీంచి గట్టు మీదికి దూకుతూ, గోతులు దాటుతూ, ఎదురొచ్చే వాటిని తొక్కుతూ కుడివైపుకి పోవడమే. సూపర్ మారియో బ్రదర్స్ 1985 సెప్టెంబరులో జపాన్‌లో వచ్చింది. చేసింది షిగెరు మియమోటో, తకాషి తెజుకా అనే ఇద్దరు, వాళ్ళ బృందం. ఎనిమిది లోకాలు, ఒక్కో లోకంలో నాలుగు మెట్టులు, మొత్తం 32. చదవాల్సిన అక్షరాలు దాదాపు లేవు. మొదటి తెరలోనే ఆట తనంతట తానే నేర్పుతుంది: ఎడమ పక్క నిలబడతావు, కుడి పక్కంతా ఖాళీ, అంటే అటు నడవమని. నడిస్తే కోపం మొహంతో ఒక గోధుమరంగు బొమ్మ వస్తుంది. తగిలితే చస్తావు, దూకితే బతుకుతావు. పైన ప్రశ్నార్థకం ఉన్న ఇటుకను తలతో కొడితే పుట్టగొడుగు వస్తుంది. అది దొర్లుకుంటూ పోయి గొట్టానికి తగిలి మళ్ళీ నీ వైపే వస్తుంది. భయపడి తప్పించుకోబోయినా వచ్చి తగులుతుంది, తగిలితే పెద్దవాడివవుతావు. ఎవరూ చెప్పకుండానే, కొత్తవాడికి మంచిదేదో చెడ్డదేదో తెలిసేలా కావాలనే అలా కట్టామని మియమోటో తరువాతి కాలంలో వివరించాడు. సండే స్కూల్ పాఠాలు తయారు చేసేవాళ్ళం, మాకు కాస్త అసూయ కలిగింది.

పెద్దాయనకు ఇక్కడ ఒక పేచీ వచ్చింది. తొలకరికి అడవిలో పుట్టగొడుగులు ఏరుకుంటూ పెరిగిన మనిషి. చుక్కలున్న పుట్టగొడుగు జోలికి పోవద్దని వాళ్ళ అమ్మ నేర్పిందట. ఈ ఆటలో చుక్కలున్నదే తినాలి. "మా మన్యంలో ఇట్ల తింటే పొద్దున్నకి లేవరు" అని నవ్వారు. ఇంకో మాట కూడా అన్నారు. "పిల్లల ఆటంటారు గానీ, వీణ్ణి చూడండి అయ్యగారూ. మీసాలున్నాయి. పని బట్టల్లో ఉన్నాడు. గొట్టాలు బిగించే పనోడంట. పిల్లోడెట్లయితడు?"

మేము ఆ మాట మీద చాలా ఆలోచించాం. ఆటని పిల్లలది చేసేది ఏమిటి? రంగులా? సంగీతమా? ఎవరినీ రక్తం వచ్చేలా కొట్టకపోవడమా? ఫోన్‌లో ఆటలు దింపుకునే చోట "3+" అని రాసి ఉంటుంది. మేము కూడా దాన్ని "మూడేళ్ళ పిల్లలకి" అని చదువుకునేవాళ్ళం. అది తప్పు. దాని అర్థం మూడేళ్ళవాడికి కూడా ఇందులో హాని చేసే బొమ్మ, బూతు, నెత్తురు లేవని. ఎవరికి పనికొస్తుందో అది చెప్పదు, ఎవరు ఆడకూడదో అసలే చెప్పదు. గంజి పసిబిడ్డకు పట్టొచ్చంటే ముసలాయన తాగకూడదని కాదు కదా.

దీనికి తిరుగు పక్క చూడండి. సంక్రాంతికి మన చుట్టుపక్కల తోటల్లో పేక పరిచినప్పుడు, కోళ్ళకు కత్తులు కట్టినప్పుడు, ఎవరైనా "ఇది మీ వయసుకు తగునా" అని అడిగారా? అవి పెద్దల ఆటలు. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ కూడా పెద్దల ఆటే. 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం సవరించి దాన్ని ఆపాల్సి వచ్చింది. 2025లో కేంద్రం దేశమంతటికీ డబ్బు ఆటల మీద నిషేధ చట్టం తెచ్చింది. అప్పుల పాలైన ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళినవాళ్ళం మేము. ఆ ఇళ్ళలో ఏ ఒక్కటీ మారియో వల్ల మునగలేదు. ఆ పాత క్యాసెట్‌లో డబ్బు అడిగేది లేదు, ప్రకటన లేదు, ఇంటర్నెట్ లేదు. మీట నొక్కితే ఆరిపోతుంది, అంతే.

మాకు వింతగా తోచిన సంగతి ఒకటి. ఈ ఆట చేసిన నింటెండో 1889లో క్యోటోలో పేకముక్కలు తయారు చేసే దుకాణంగా పుట్టింది. జూదగాళ్ళు వాడిన పువ్వుల బొమ్మల ముక్కలు అవి. పెద్దల ఆటలు అమ్మిన ఇల్లు తరువాత పిల్లల ఆటలకు పేరు పొందింది. ఆ మియమోటో కూడా క్యోటో దగ్గర సొనోబే అనే చిన్న ఊళ్ళో, కొండలూ అడవులూ గుహలూ తిరుగుతూ పెరిగినవాడు. మారియో చేసేనాటికి ముప్పై దాటాయి. ఒక పెద్దవాడు తన చిన్ననాటి అడవిని గుర్తుచేసుకుని చేసిన వస్తువు, తునికాకు కోతకు, ఇప్పపువ్వు ఏరడానికి అడవి పట్టి తిరిగిన ఇంకో పెద్దవాడికి నచ్చితే అందులో ఆశ్చర్యం ఏముంది?

అలాగని ఇది ముసలివాళ్ళందరికీ తగిన ఆటని మేము చెప్పం. ఇది చేతులకు కఠినమైన ఆట. పరుగెత్తాలంటే ఒక బటన్ వేలితో అదిమి పట్టుకునే ఉండాలి, అదే బొటనవేలిని కాస్త పక్కకు వాల్చి దూకే బటన్ నొక్కాలి. కీళ్ళు బిగుసుకున్న వేలికి ఇది నరకం. పైన 400 నుంచి అంకెలు దిగుతుంటాయి. అవి సెకన్లు కావు, సెకను కంటే త్వరగా పడతాయి, మూడు నిమిషాలు నిండకుండానే సున్నా అవుతాయి. వంద దాటి కిందికి రాగానే సంగీతం ఉరకలు వేస్తుంది. బీపీ ఉన్నవాళ్ళకి అది ఏం చేస్తుందో చెప్పక్కరలేదు, మాకే గుండె దడ వచ్చింది. వెనక్కి పోవడానికి వీల్లేదు, దాటిన చోటు తెర మింగేస్తుంది. మూడు ప్రాణాలు పోతే మళ్ళీ మొదటికే. ఆడింది దాచుకునే సౌకర్యం లేదు. నాలుగేసి మెట్లు కష్టపడి కోటకు చేరితే, రాకుమారి ఇక్కడ లేదు ఇంకో కోటలో ఉందని ఒక పుట్టగొడుగు మనిషి చెబుతాడు. ఇలా ఏడు కోటల్లో. పెద్దాయనకు ఇది కొత్తేమీ అనిపించలేదు: "ఆఫీసుల్లో ఇంతే గదా అయ్యగారూ, ఈ బల్ల కాదు ఆ బల్ల అంటారు."

ఒక చిట్కా ఉంది, మనవడు ఎక్కడో చూసి నేర్చుకున్నది. ప్రాణాలన్నీ పోయి మొదటి తెర వచ్చాక, దూకే బటన్ అదిమి పట్టుకుని స్టార్ట్ నొక్కితే, ఏ లోకంలో పోయామో ఆ లోకం మొదటి మెట్టు నుంచి మొదలవుతుంది. పెద్దవాళ్ళు ఆడేట్టయితే ఇది తెలిసి ఉండాలి, లేకపోతే పదో రోజుకి విసుగొస్తుంది.

ఈ కష్టం చేసినవాళ్ళకీ తెలుసు. 2009లో వచ్చిన ఒక మారియో ఆటలో ఒకే మెట్టులో ఎనిమిదిసార్లు చస్తే ఒక ఆకుపచ్చ పెట్టె కనబడుతుంది. దాన్ని కొడితే తమ్ముడు లుయిజీ వచ్చి ఆ మెట్టు ఎలా దాటాలో ఆడి చూపిస్తాడు, కావాలంటే అక్కడి నుంచి మనం అందుకోవచ్చు. 2016లో ఫోన్‌కి వచ్చిన సూపర్ మారియో రన్‌లో మనిషి తనంతట తాను పరుగెత్తుతాడు, ఒక్క వేలితో తాకి దూకించడమే మన పని. (దానికి ఇంటర్నెట్ ఎప్పుడూ ఉండాలి. మా దగ్గర అడవి అంచు గూడేల్లో సిగ్నల్ సంగతి తెలిసినవాళ్ళకు ఇక చెప్పక్కరలేదు.) 2023 నాటి సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌లో యోషీ అనే బొమ్మనో నాబిట్ అనే బొమ్మనో ఎంచుకుంటే శత్రువులు తగిలినా ఏమీ కాదు, గోతిలో పడితే మాత్రం ప్రాణం పోతుంది. పసివాళ్ళ కోసం పెట్టిన వెసులుబాటు వణికే చేతులకూ సరిపోయింది. ఆ యంత్రాలు మన ఊళ్ళో కొనే ధరలు కావు గానీ, పట్నంలో పిల్లలున్నవాళ్ళు అక్కడికి వెళ్ళినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. మనవడు రిమోట్ ఇస్తే "నాకెందుకురా" అనకుండా, యోషీని పెట్టమని అడగండి.

మెదడుకు మంచిదా అని కొందరు అడిగారు. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 55 నుంచి 75 ఏళ్ళ వయసున్న 33 మందిని తీసుకుని, కొందరిచేత సూపర్ మారియో 64 ఆడించారు, కొందరికి పియానో నేర్పించారు, కొందరిని ఊరికే ఉంచారు. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట, ఆరు నెలలు. 2017లో ఫలితం ప్రచురించారు. ఆట ఆడినవాళ్ళకి జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్ అనే చోట మెదడు పదార్థం పెరిగింది. పియానో నేర్చినవాళ్ళకి వేరే చోట్ల పెరిగింది. ఊరికే ఉన్నవాళ్ళకి తరిగింది. ముప్పైమూడు మందిని చూసి లోకమంతటికీ చెప్పలేం. మారియో మందు బిళ్ళ అని ఎవరూ అనుకోవద్దు. మాకు అందులో అన్నిటికన్నా ముఖ్యంగా కనబడింది ఊరికే ఉన్నవాళ్ళ సంగతి. రిటైరైన మనిషిని "కాలు మీద కాలేసుకుని కూర్చో నాన్నా" అని గౌరవంగా ఒక కుర్చీలో పెట్టేసి, టీవీలో సీరియల్ పెట్టి వెళ్ళిపోవడం మనకు ప్రేమగా కనబడుతుంది. ఆయన చేతికి పని, మెదడుకు చిక్కు ఏదీ ఇవ్వం. పొద్దస్తమానం సీరియల్ చూస్తే వయసుకు తగిన పని, గంటసేపు కష్టమైన ఆట ఆడితే చిన్నతనం. ఈ లెక్క ఎవరు పెట్టారు?

ఇక పౌలు మాట. మేము దాన్ని తప్పు చోట వాడాం, ఒప్పుకుంటున్నాం. ఆ అధ్యాయం ప్రేమ గురించి. అక్కడ ఆయన పోల్చేది ఇప్పుడు మనకున్న కొంచెం జ్ఞానాన్ని, రాబోయే పూర్ణ జ్ఞానాన్ని. గోలీలూ బొంగరాలూ అక్కడ విషయం కావు. జెకర్యా ఎనిమిదో అధ్యాయం తీసి ఉంటే బాగుండేది. బాగుపడిన యెరూషలేము ఎలా ఉంటుందో చెబుతూ ప్రవక్త రెండే గుర్తులు చూపిస్తాడు: చేతికర్రలతో వీధుల్లో కూర్చున్న ముసలివాళ్ళు, అవే వీధుల్లో ఆడుకునే పిల్లలు. ఇద్దరికీ వేర్వేరు వీధులు చెప్పలేదు.

గంటల సంగతి మాత్రం వదిలిపెట్టం. మనవడు నిద్రపోయాక కూడా ఆడుతున్నారని ముందు రాశాం కదా, అది మాకు నచ్చలేదు, ఆయనకే చెప్పాం. రాత్రి పదకొండింటికి ఒంటరిగా, కళ్ళు మండుతూ, పోయిన భార్య గుర్తు రాకుండా ఉండడానికి ఆడే ఆట వేరు, సాయంత్రం పిల్లవాడు పక్కన "దూకు తాతా, దూకు!" అని అరుస్తుంటే ఆడే ఆట వేరు. క్యాసెట్ ఒకటే. మొదటిదాంట్లో ఆయన ఆడుతున్నట్టు కాదు, దాక్కుంటున్నట్టు. ఆయన వాదించలేదు. దీపం పెట్టే వేళ నుంచి అన్నం వేళ వరకు అని ఆయనే హద్దు పెట్టుకున్నారు.

ఆ సాయంత్రాల్లో ఒకనాడు ఆయన ఇంకో సంగతి చెప్పారు. ఆ పెట్టె అటక మీదికి ఎలా చేరిందో. 1998లో కొడుకు పదో తరగతి తప్పాడు. ఈ ఆట వల్లేనని బెల్టు తీసి కొట్టి, పెట్టె అటక మీద పడేశారట. కొడుకు మళ్ళీ రాసి పాసయ్యాడు, చదివాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆ పెట్టె గురించి ఇరవయ్యేడేళ్ళుగా తండ్రీ కొడుకుల మధ్య ఒక్క మాట రాలేదు. "అప్పుడు ఒక్కసారన్నా వాడి పక్కన కూర్చుని అదేందో చూసి ఉంటే బాగుండేది అయ్యగారూ. చూడకుండానే కొట్టిన." మేము జవాబు చెప్పలేదు. చూడకుండానే కొట్టినవాళ్ళం మేమూ ఉన్నాం ఆ గదిలో.

మా మాట బుధవారం పదిహేను మంది ముందు అన్నాం కాబట్టి, తరువాతి బుధవారం అదే పదిహేను మంది ముందు వెనక్కి తీసుకున్నాం. ఆయన బల్ల దగ్గరకు తిరిగి వచ్చారు. మా తీర్పు ఇప్పుడు ఇది: చేతులు సహకరిస్తే, డబ్బు అడగని ఆటయితే, పక్కన ఒక మనిషి ఉంటే, ఆడండి. వయసు మేము అడగం.

జూన్‌లో బడి తెరిచే ముందు కొడుకు పిల్లవాణ్ణి తీసుకుపోవడానికి వచ్చాడు. టీవీకి పెట్టె తగిలించి ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడట. తాత ఏమీ అనకుండా రెండో రిమోట్ చాచారట. ఆ ఆటలో ఇద్దరూ ఒకేసారి ఆడడానికి ఉండదు, ఒకరి ప్రాణం పోయాకే రెండోవాళ్ళ వంతు. ఆ రాత్రి బండి ఆలస్యంగా బయల్దేరింది.

ఇప్పుడు ఒక విన్నపం. ఆ రెండో రిమోట్‌లో పరుగు బటన్ పాడైంది. మణుగూరులో అడిగితే ఆ కాలం సరుకు రావడం లేదన్నారు. ఏడూళ్ళ బయ్యారం, అశ్వాపురం వైపు ఎవరి అటక మీదైనా అలాంటిది పడి ఉంటే, తొమ్మిది పిన్నుల వైరుది, ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు మందిరానికి తెచ్చి ఇవ్వండి. దసరా సెలవులకు పిల్లవాడు వస్తాడు.